చెరువు తెగకముందే ఇల్లు సర్దుకోండి

తొలకరిలో మబ్బు కోసం ఎదురుచూస్తాం. మఖ, పుబ్బ దాటాక అదే మబ్బును చూస్తే గుబులు పుడుతుంది. అప్పటికి చెరువులు నిండి మత్తళ్లు పోస్తుంటాయి. నేల తడిసి ముద్దయి ఉంటుంది. ఇక పడిన చుక్క పడినట్టే పైపైన పారుతుంది. అట్లాంటప్పుడు ఒక్క రాత్రి కుండపోతగా కురిస్తే వాగు పక్క ఇల్లు, కట్ట కింది కొట్టం గంటలో మునిగిపోతాయి.

మన ప్రాంతంలో పెద్ద వరదలు వచ్చిన తేదీలు చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టి. 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. ఇవన్నీ మఖ కార్తెకూ చిత్త కార్తెకూ మధ్య వచ్చినవే. కాబట్టి మృగశిర, ఆరుద్ర బాగానే దాటాయని నిశ్చింతగా ఉండొద్దు.

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్, రాజేంద్రనగర్ మండలాల్లో అరెకరం, ఎకరంలో ఆకుకూరలు, పూలు వేసి, రెండు బర్రెలు పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో. వారికి విత్తనం, గడ్డి, పాసుపుస్తకం, పాడి అన్నీ ఒక్క కప్పు కిందే ఉంటాయి. ఇల్లు మునిగితే ఆ ఏటి సాగు కూడా మునిగినట్టే. ఇలాంటి వరద వచ్చాక మనం చేయగలిగేది ఒక్కటే, ప్రాణాలతో బయటపడటం. మిగతా పనులన్నీ ముందే చేసుకుని ఉండాలి.

ఎందుకింత తొందరగా వస్తుంది?

ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4 లక్షల లీటర్ల నీరు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 80. గట్లున్న మడి అయితే ఇందులో కొంత ఇంకుతుంది, కొంత నిలుస్తుంది, మిగిలింది మెల్లగా పోతుంది. అదే ఎకరం మీద కాంక్రీటు పోస్తే ఇంకడానికి తావు లేదు. నీరంతా వాన ఆగకముందే దిగువకు వచ్చేస్తుంది.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అక్కడినుంచి హైటెక్ సిటీ గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా పెరిగింది. అసలే గుట్టలు, బండరాళ్ల నేల. దాని మీద రోడ్లు, భవనాలు వచ్చాయి. ఇప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు దాటి మన ఊళ్లలోకీ లేఅవుట్లు వస్తున్నాయి. కొన్నిచోట్ల వాటి రోడ్లు పాత కాలువలకు అడ్డం పడతాయి. నీరు దారి మళ్లి, నిన్నటిదాకా తడవని ఇంట్లోకి వస్తుంది. ‘మా తాత కాలం నుంచి ఇక్కడికి నీళ్లు రాలేదు’ అన్న ధైర్యం ఇప్పుడు పనికిరాదు.

ఇంకో సంగతి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి నీరు కింది చెరువులోకి చేరుతుంది. పైది తెగితే ఆ తాకిడికి కిందిదీ తెగుతుంది. 1908లో శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. ఆ వరదలో వేలాది మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు.

2020లోనూ మన కళ్ల ముందే ఇలాంటిది జరిగింది. అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగి నీళ్లు బెంగళూరు రహదారి మీదికి దూకాయి. వాహనాలు, మనుషులు కొట్టుకుపోయారు. నాలుగు రోజులకు మళ్లీ వాన పడి బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. దిగువ బస్తీలు మునిగాయి. ఒకసారి వరద వచ్చి పోయిందంటే గండం గడిచినట్టు కాదు.

మీ ఇంటికి నీరు ఎటునుంచి వస్తుంది?

ముందు ఇది తెలుసుకోండి. వాన లేని రోజు గంట సేపు నడిస్తే చాలు.

ఇంటి నుంచి ఎగువకు నడవండి. పైన ఏ చెరువు, ఏ కుంట ఉంది? దాని మత్తడి నీరు ఎటు పోతుంది? కాలువ మధ్యలో ఎక్కడైనా పూడిందా, ఎవరైనా మట్టి పోశారా? కల్వర్టు తూములో చెత్త, కంప ఇరుక్కుందా? చూసినవి రాసుకుని పంచాయతీ కార్యదర్శికి, నీటిపారుదల ఇంజినీరుకు కాగితం రూపంలో ఇవ్వండి. నలుగురు కలిసి సంతకాలు పెడితే పని త్వరగా కదులుతుంది.

చెరువు కట్ట మీదా ఓ కన్నేయాలి. కట్ట కింద ఊట తేటగా, ఎప్పుడూ ఉన్నంతే ఉంటే భయం లేదు. ఊట పెరిగి, నీరు మట్టి రంగుకు మారితే లోపల బుంగ పడుతోందని అర్థం. నీటితోపాటు కట్ట మట్టి బయటికి పోతోందన్నమాట. అట్లాగే కట్ట మీద పగుళ్లు, ఒకచోట కుంగడం, ఎండ్రకాయ బొక్కలు, మత్తడిలో అడ్డం పడిన చెట్లు ప్రమాద సూచనలు. బురద ఊట కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అధికారులకు ఫోను చేసి, కట్ట కింది ఇళ్లవారిని వెంటనే లేపండి. భయంతో ఎవరికి వారు కట్ట కొట్టడం, మత్తడి పగలగొట్టడం అస్సలు వద్దు. అది కింది ఊరి ప్రాణాల మీదికి వస్తుంది.

మూసీ, ఈసీ ఒడ్డున ఉన్నవారికి మరో జాగ్రత్త. మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. వికారాబాద్ వైపు వాన పడితే మీ ఇంటి మీద ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. జలాశయాల దిగువన ఉన్నవారు గేట్ల కబురు వినాలి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, గేట్లు 15. హిమాయత్‌సాగర్ మట్టం 1,763.5 అడుగులు, గేట్లు 17. మట్టం ఆ అంకెకు దగ్గరపడిందని పేపర్లో, టీవీలో చూడగానే నార్సింగి, మంచిరేవుల మొదలు కింది ఒడ్డు వారంతా సర్దుకోవడం మొదలుపెట్టాలి. ఏటిలో వేసిన మోటార్లు, మేతకు వదిలిన బర్రెలు ముందే ఒడ్డెక్కాలి.

ఇంట్లో చేసుకోవాల్సినవి

ఇదివరకు వచ్చిన వరద ఎంత ఎత్తుకు ఎక్కిందో పెద్దవాళ్లను అడగండి. గోడ మీద సున్నంతో గీత గీయండి. దాని మీద ఇంకో రెండడుగులు కలిపి రెండో గీత గీయండి. పాడైతే మళ్లీ కొనలేని వస్తువేదీ వానాకాలమంతా ఆ పైగీత కింద ఉండకూడదు. విత్తనం, బియ్యం, పప్పులు అటక మీదో సజ్జ మీదో పెట్టండి. సజ్జ లేకపోతే గోడకు నాలుగు గట్టి చెక్కలు కొట్టించుకోండి. విత్తనాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించండి. గోనె సంచి ఒక్క తడికే పాడవుతుంది.

యూరియా, పురుగుమందులు కూడా ఎత్తునే ఉండాలి. అయితే తిండి గింజలకు, గడ్డికి దూరంగా పెట్టండి. యూరియా కరిగిన నీళ్లు తాగితే పశువులు చనిపోతాయి. మందు డబ్బా తేలి బావిలో పడితే ఇంటిల్లిపాదికీ ముప్పే.

ఖాళీ ఎరువు సంచులు ముప్పై నలభై దాచుకోండి. ఇసుక గానీ మొరం గానీ సగానికి పైన కొంచెం నింపి మూతి కట్టండి. నిండా కుక్కితే సంచుల మధ్య సందులు పడి నీరు దూరుతుంది. గడప ముందు ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద సంచులను ఇటుక కట్టినట్టు ఒకదాని కీలు మీద ఒకటి వచ్చేలా పేర్చి తొక్కండి. అడుగు, అడుగున్నర నీటిని ఇవి ఆపుతాయి. మరుగుదొడ్డి గుంతలో నీరు వెనక్కి తన్నకుండా ఒక సంచిని ప్లాస్టిక్ కవరులో పెట్టి బేసిన్‌లో అదిమిపెట్టండి.

అయితే బయట నీరు మూడడుగులకు చేరుతుంటే అడ్డుకోవాలని చూడొద్దు. లోపల పొడిగా, బయట నీరు నిండుగా ఉంటే ఆ ఒత్తిడికి గోడే కూలుతుంది. అప్పుడు సామాను వదిలి బయటపడటమే మంచిది. మట్టి గోడల ఇంట్లోనైతే నీరు గోడ అడుగును తాకిందంటే లోపల ఉండకూడదు. పక్క ప్రహరీల సంగతీ చూసుకోండి. 2024 మే 7న బాచుపల్లిలో వానకు కట్టడంలో ఉన్న గోడ కూలి, దాని పక్క షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. ఎత్తయిన గోడ నీడన మంచాలు వేయొద్దు, పశువులను కట్టొద్దు.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు చౌకగా వస్తోందని శిఖం భూమిలో స్థలం కొనొద్దు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదని నిబంధన. కూల్చివేతల సంగతి అలా ఉంచండి, అది నీరు ఉండే చోటు. నీరు ఎప్పటికైనా తన చోటికి వస్తుంది.

కాగితాలు, డబ్బు

పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, అప్పు కాగితాలు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి, దాన్ని ఇంకో కవరులో వేసి గట్టిగా ముడివేయండి. వాటి ఫొటోలు ఫోనులో తీసి, వేరే ఊళ్లో ఉన్న బిడ్డకో తమ్ముడికో పంపండి. కవరుతోపాటు టార్చిలైటు, అగ్గిపెట్టె, కొంత నగదు, ఇంట్లో వాడే బీపీ, షుగరు మందులు, అటుకులు, బెల్లం, తాగునీరు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర మేకుకు తగిలించండి. చంటిపిల్లలుంటే వాళ్ల సామాను కూడా. చీకట్లో వెతికే పని ఉండకూడదు.

పశువులను కట్టేసి వెళ్లొద్దు

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. జనం డాబాల మీదికి ఎక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి కాపాడాయి. పశువులు మాత్రం చాలా పోయాయి. పలుపుతాడుతో గుంజకు కట్టిన బర్రె ఈదలేదు. విడిచిపెడితే చాలావరకు తానే మెరకకు చేరుతుంది.

వాన ఎక్కువగా ఉన్న రాత్రుళ్లు లాగితే ఊడే ముడి వేయండి. కొట్టం తలుపుకు తాళం పెట్టొద్దు. గొర్రెలు, మేకలు, కోళ్లను చీకటి పడకముందే మెరకకు తోలండి. ఏ మిట్టకు తోలాలో, ఎవరు తోలాలో ఇంట్లో ముందే అనుకోండి. చెవి పోగు మీది 12 అంకెల నంబరు రాసుకుని, పశువు ఫొటో తీసుకోండి. తప్పిపోయినా, నష్టపోయినా అది ఆధారం. గురక వ్యాధి, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుకు రోగం టీకా వానలకు ముందే వేయించాలి. గడ్డివామును రాళ్ల మీద రెండడుగుల ఎత్తున వేసుకుంటే అడుగు కుళ్లదు.

కరెంటు, మోటారు

బావి దగ్గర స్టార్టరు డబ్బాను వరద గీతకు పైన, గట్టి స్తంభానికి బిగించుకోండి. వరద వస్తుందనిపిస్తే ఇంట్లో మెయిన్ ఆపండి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. అప్పటికే కాళ్లు నీళ్లలో ఉంటే మెయిన్ ముట్టొద్దు. 1912కు ఫోను చేసి లైను ఆపించండి. తెగిన తీగ దగ్గరికి పశువును కూడా పోనివ్వొద్దు. మునిగిన మోటారును, ఎండింది కదా అని ఆన్ చేయొద్దు. మెకానిక్ విప్పి, వైండింగ్ ఆరబెట్టి పరీక్షించాకే నడపాలి. లేకపోతే మోటారు కాలుతుంది, మనిషికి షాకు కొట్టినా కొడుతుంది.

ఎప్పుడు కదలాలి?

అందరూ తడబడేది ఇక్కడే. ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ చీకట్లో చిక్కుకుంటారు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 11.5 సెంటీమీటర్లు దాటితే అతి భారీ వర్షం. 20.4 దాటితే అత్యంత భారీ వర్షం. పసుపు హెచ్చరిక వస్తే గమనిస్తూ ఉండాలి. నారింజ వస్తే సర్దుకుని సిద్ధంగా ఉండాలి. ఎరుపు వస్తే కదలాలి. పైచెరువు మత్తడి పోస్తుండగా నారింజ హెచ్చరిక వచ్చినా చాలు, కట్ట కింది, వాగు పక్క ఇళ్లవారు ఆ రాత్రికి అక్కడ పడుకోవద్దు. ముసలివాళ్లను, గర్భిణులను, పిల్లలను పొద్దుండగానే మెరక మీది బంధువుల ఇంటికో బడికో చేర్చండి. ఉత్తపుణ్యానికి ఒక రాత్రి తిప్పలు పడ్డామని మర్నాడు నవ్వుకున్నా నష్టం లేదు.

ఊళ్లో వంతులవారీగా ఇద్దరు మేలుకుని ఉండండి. సెల్ టవరు పోతే ఫోను పనిచేయదు. డప్పు, గుడి గంట, మసీదు మైకు ఏది మోగితే ఇల్లు వదలాలో ముందే నిర్ణయించుకోండి.

పారే నీటిని తక్కువగా చూడొద్దు. అరడుగు లోతు వడి నీరు మనిషిని పడేస్తుంది. అడుగు లోతు చిన్న కారును తేలుస్తుంది. రెండడుగులు చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. ట్రాక్టరు బరువైంది కదా అని కల్వర్టు మీదికి దింపొద్దు. నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనబడదు. కూరగాయల బండి ఒక్క పూట ఆగితే పోయేది ఆ పూట బేరమే.

నీరు తీశాక

తొందరపడి ఇంట్లోకి పోవద్దు. తడిసిన గోడ రెండు మూడు రోజుల తర్వాత కూడా కూలుతుంది. పాములు గడ్డిలో, కట్టెల్లో, పరుపుల్లో చేరి ఉంటాయి. కర్రతో కదిపి చూడండి. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి 108లో ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శుభ్రం చేయకముందే నష్టం ఫొటోలు తీయండి. పంట నష్టం వ్యవసాయ విస్తరణ అధికారికి, ఇంటి నష్టం తహసీల్దారు కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి. పశువు చనిపోతే పశువైద్యుడు చూసి పంచనామా రాయకముందు పూడ్చొద్దు. తర్వాత బావికి, వాగుకు దూరంగా లోతు గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి.

వరద నీరు చేరిన బావిని తోడించి, బ్లీచింగ్ వేయించాకే వాడాలి. అప్పటిదాకా నీరు బాగా మసిలాక ఇంకో నిమిషం కాచి తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. కాళ్లకు పుండ్లుంటే బురదలో దిగొద్దు. ఎలుక జ్వరం సోకుతుంది. బూజు పట్టిన గడ్డి పశువులకు వేయొద్దు. మురుగు నీరు ఎక్కిన ఆకుకూర తినొద్దు, అమ్మొద్దు. తడిసిన విత్తనం పారేయకముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూడండి. మొలక సగానికి సగం పడిపోతే ఆ విత్తనాన్ని నమ్ముకోవద్దు.

ఈ వారమే చేసుకోండి

• ఎగువ చెరువు దాకా ఒకసారి నడిచి రండి.
• గోడ మీద వరద గీత గీయండి. విత్తనం, మందులు దాని పైకి ఎక్కించండి.
• కాగితాల కవరు, చేతి సంచి సిద్ధం చేయండి.
• ఇసుక సంచులు నింపి గడప పక్కన పెట్టండి.
• పశువులకు ఊడే ముడి వేయడం ఇంట్లో అందరికీ నేర్పండి.
• రాత్రి ఎక్కడికి పోవాలో, ఎవరిని ఎవరు తీసుకుపోవాలో మాట్లాడుకోండి.
• ఈ నంబర్లు తలుపు మీద రాయండి: ఆపదకు 112, అంబులెన్సుకు 108, కరెంటుకు 1912, పశువైద్యానికి 1962.

వీటికి పెద్ద ఖర్చు లేదు. ఖాళీ సంచులు, నాలుగు చెక్కలు, రెండు పూటల పని. హస్త కార్తె వచ్చేలోగా పూర్తిచేసుకుంటే ఆ రాత్రి వరద వచ్చినా మీ చేతిలో పిల్లల చెయ్యి, కాగితాల సంచి తప్ప వేరే బరువు ఉండదు.